పురపాలక సంస్థ జమాఖర్చులు – జంటపద్దు విధానము

విజయవాడ వన్ టౌన్ లో ఇంద్రకీలాద్రి పాదమున అక్కన్న మాదన్న గుహలు కలవు. గుహలు ఆ సోదరులకంటె ఎన్నో శతాబ్దములు పెద్దవి. పేరు మాత్రమే వారిది. ఆ యిరువురిలో మాదన్న గోలకొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా కొలువులో మీర్ జుమ్లాగా, అనగా ఆర్థికవ్యవహారములకు అధిపతిగా, పనిచేసెను. ఖజానా లెక్కలు చూచినవాని పేరు నిలిచియున్న చోట నివసించు మనకు, మన నగరపాలక సంస్థ తన లెక్కలను ఎట్లు వ్రాసికొనుచున్నదో తెలిసికొనవలెనను కుతూహలము కలుగుట సహజము. గత ఇరువదియేండ్లకు పైగా దేశమందలి పురపాలక సంస్థల లెక్కల వ్రాతలో పెద్ద మార్పు జరుగుచున్నది. దానిని గూర్చి వీధిలో ముచ్చటించువారు అరుదు. పన్ను చెల్లించు ప్రతి గృహస్థునకును అది సంబంధించిన విషయమే.

ముందు మాటలను గూర్చి ఒక మాట. జమ, ఖర్చు, బాకీ, వసూలు, ఖజానా, రసీదు, ఆవర్జా – ఇవి యన్నియు అరబ్బీ పారసీక భాషలనుండి మనకు వచ్చినవే. పద్దు మాత్రము తెలుగు. మన కళాశాలలో ఉర్దూ తరగతిలోగాని తెలుగు తరగతిలోగాని వీనికి తర్జుమా అక్కరలేదు. కావున ఇది కామర్సు విద్యార్థుల సొత్తు అని తక్కినవారు పుట తిప్పివేయవలదని మా మనవి.

బెజవాడ పురపాలక సంఘము 1888 ఏప్రిల్ 1న ఏర్పడినది. 1981లో నగరపాలక సంస్థ అయినది. మన దేశమున పురపాలక సంఘములు తరతరములుగా అనుసరించినది నగదు పద్ధతి. చేతికి వచ్చినదే ఆదాయము, చేతినుండి పోయినదే వ్యయము, మిగిలినదే నిలువ. ఈ పద్ధతిని తెలివితక్కువదని కొట్టివేయుట న్యాయము కాదు. సభ మంజూరు చేసిన సొమ్ము మంజూరైన పనికే వ్యయమైనదా, నిలువ సరిపోయినదా అను రెండు ప్రశ్నలకు అది సూటిగా సమాధానము చెప్పును. కేంద్ర ప్రభుత్వము, రాష్ట్ర ప్రభుత్వములు నేటికిని ప్రధానముగా ఈ పద్ధతిలోనే లెక్కలు వ్రాయుచున్నవి.

అయితే అది చెప్పని సంగతులు చాల కలవు. వస్త్రలతలో టోకు బట్టల వర్తకుని అడిగిచూడుడు. పెట్టెలో ఎంత సొమ్మున్నదో చెప్పి ఊరకొనడు. ఏ యూరి ఆసామి ఎంత బాకీయున్నాడో, తాను మిల్లులకు ఎంత చెల్లింపవలెనో, గదిలో ఎంత సరుకున్నదో కూడ చెప్పును. ఒక చిన్న దుకాణము తెలిసికొని మసలుకొను సంగతులను లక్షలమంది ప్రజలకు నీరు, దీపము, పారిశుద్ధ్యము సమకూర్చు సంస్థ లెక్కల పుస్తకము చూపలేకపోవుట వింతయే కదా.

ఉదాహరణకు కాళేశ్వరరావు మార్కెట్టును తీసికొందము. ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి స్పీకరైన అయ్యదేవర కాళేశ్వరరావుగారి పేర వెలసిన యీ మార్కెట్టు వంటి చోట ఒక దుకాణమునకు నెలకు 1,000 రూపాయల అద్దె యనుకొందము. ఇవి కేవలము మేము కల్పించిన అంకెలు. సంవత్సరమునకు రావలసినది 12,000. అద్దెదారు చెల్లించినది 8,000. నగదు పుస్తకములో 8,000 జమ పడును. తక్కిన 4,000 ఆ పుస్తకమునకు తెలియదు. బాకీల కొరకు డిమాండు, వసూలు, నిలువ అను రిజిస్టరు వేరుగా ఉండును. కాని అది లెక్కలకు వెలుపలిది. దానిలో ఒక అంకె మారినను, ఒక పుట చినిగినను నగదు నిలువ తప్పదు; కనుక ఎవరికిని అనుమానము రాదు.

క్రొత్త పద్ధతిలో అద్దె గడువు వచ్చిననాడే 12,000 ఆదాయముగా వ్రాయబడును. వసూలైన 8,000 నగదు ఖాతాకును, రాని 4,000 బాకీదారుల ఖాతాకును పోవును. ప్రతి వ్యవహారమును రెండుచోట్ల, ఒకచోట జమగాను వేరొకచోట ఖర్చుగాను, పడును గనుక ఇది జంటపద్దు. వెనిసు నగరమున 1494లో లూకా పచోలీ యను సన్న్యాసి దీనిని తన గణితగ్రంథములో వివరించెను. వర్తకులు అంతకు మునుపే ఎరిగినదే. సొమ్ము చేతులు మారుటకై వేచియుండక హక్కు లేక బాధ్యత ఏర్పడిన క్షణముననే పద్దు వ్రాయుటను అక్రూయల్ పద్ధతి యందురు.

బాధ్యతల వైపు చూచినచో దీని ప్రయోజనము మరింత తేటపడును. ఒక కంట్రాక్టరు మార్చినెలలో పది లక్షలతో మురుగుకాలువ కట్టి ముగించెను. బిల్లు చెల్లింపు జూనునకు జారెను. నగదు లెక్కలో ఆ సంవత్సరము ఆ పని జరుగనే లేదు. పద్దు ముగింపునాడు పది లక్షలు మిగులువలె కనబడును. బిల్లులు ఆపినకొలది సంస్థ ధనవంతురాలివలె కనబడుట ఎంత అపాయకరమో ఊహింపవచ్చును. ఇరువదియైదేండ్లు వీధులూడ్చిన కార్మికునకు విరమణనాడు ఇయ్యవలసిన గ్రాట్యుటీయు అట్టిదే. అది ప్రతి సంవత్సరము కొంత కొంతగా పెరిగిన ఋణము. నగదు పుస్తకమునకు మాత్రము అతడు ఇంటికి పోవునాడే, హఠాత్తుగా, తెలియును. ఆనాడు పెట్టెలో సొమ్ము లేనిచో తిరుగవలసినవాడు అతడే.

కాలువ కట్టిన తరువాత కథ అంతటితో ముగియదు. దానికి ఇరువదియేండ్ల ఆయువనుకొన్నచో ఏటికి ఏబదివేలు తరుగుదల వ్రాయవలెను. ఇది వట్టి వ్రాతపని యని కొందరందురు. మాకు అట్లు తోచదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద నగరములో విశాలభాగమును ముంచెత్తినది. అట్టి విపత్తు తరువాత ఏ కాలువ ఎప్పుడు కట్టినది, ఎంత విలువైనది, ఎంత ఆయువు మిగిలియున్నది అను జాబితా లేనిచో మరమ్మతుల బడ్జెటు ఊహాగానమే యగును.

సంస్కరణకు దారి చూపినది 74వ రాజ్యాంగ సవరణ. 1993లో అమలునకు వచ్చిన ఆ సవరణ పట్టణసంస్థల బాధ్యతలను పెంచినది. 2004లో కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ, కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ కార్యాలయ సహకారముతో, జాతీయ మునిసిపల్ అకౌంట్స్ మాన్యువలును వెలువరించెను. 2005 డిసెంబరులో ఆరంభమైన జవహర్ లాల్ నెహ్రూ పట్టణ నవీకరణ పథకమున విజయవాడకును చోటు దొరకినది; ఆ నిధులకు పెట్టిన షరతులలో జంటపద్దు విధానము ఒకటి.

అందు కఠినమైన పని మొదటి ఆస్తి అప్పుల పట్టీని తయారుచేయుట. శతాబ్దమునుండి చేరిన స్థలములు, చెరువులు, బడులు, రోడ్లు – వీని దస్తావేజులు ఎచట? కొన్నవెల ఎంత? ఉచితముగా సంక్రమించిన భూమిని ఒక రూపాయి నామమాత్రపు విలువతో వ్రాయుమని జాతీయ మాన్యువలే చెప్పినది. నగరము నడిబొడ్డున గజము లక్షలు పలుకు స్థలము పట్టీలో ఒక రూపాయిగా కనబడుట చదువువారికి నవ్వు తెప్పించును. అయినను ఆ ఒక్క రూపాయి పద్దు ఉన్నందుననే ఆ స్థలము ఎవరి ఆక్రమణలోను నిశ్శబ్దముగా మాయము కాజాలదు.

కంప్యూటరు వచ్చినది గనుక లెక్కలు బాగుపడినవనుట పొరపాటు. విజయవాడలో 'వాయిస్' పేర 1999 నాటికే జనన మరణ ధ్రువపత్రములు, పన్నుల వసూలు కంప్యూటరుకు ఎక్కినవి. ప్రజలకు క్యూలు తగ్గినవి. అది సేవయే. 2018లో రాష్ట్రప్రభుత్వము ప్రవేశపెట్టిన సమగ్ర ఆర్థిక నిర్వహణ వ్యవస్థ ఖజానా బిల్లులను తెరపైకి తెచ్చినది. కాని నగదు పద్ధతిని యంత్రములో పెట్టిన మాత్రమున అది అక్రూయల్ పద్ధతి కాజాలదు.

పట్టీ బాగుగా ఉన్న నగరమునకు అప్పు కూడ పుట్టును. 2018లో హైదరాబాదు, విశాఖపట్టణ నగరపాలక సంస్థలు బాండ్లు విక్రయించి సొమ్ము సమకూర్చుకొన్నవి. మదుపుపెట్టువాడు నగదు నిలువ ఒక్కటి చూచి తృప్తిపడడు. ఏమున్నది, ఏమి ఈయవలెను అని అడుగును.

పదునైదవ ఆర్థికసంఘము 2021-22 నుండి మరియొక మెలిక పెట్టినది. స్థానికసంస్థలు గడచిన సంవత్సరపు తాత్కాలిక లెక్కలను, అంతకు ముందటి సంవత్సరపు ఆడిటైన లెక్కలను ఇంటర్నెట్టులో ఉంచినగాని కేంద్ర గ్రాంటుకు అర్హత లేదు. కనుక ఆ పట్టీ నేడు బీరువాలో దాగు కాగితము కాదు. దానిని తెరచినవారు మొదట మూడు వరుసలు చూడవలెను: రావలసిన పన్నులు, అద్దెలు ఎంత, అందులో ఎన్నేండ్ల పాతబాకీ కలదు; కంట్రాక్టర్లకును ఉద్యోగులకును చెల్లింపవలసినది గత సంవత్సరముకంటె పెరిగెనా; స్థిరాస్తులపై తరుగుదల ఎంత, క్రొత్తగా కట్టినది ఎంత. చివర ఆడిటరు అభిప్రాయముండును. ఏ పద్దులకు ఆధారములు దొరకలేదో ఆయన వ్రాయునది అచటనే.