దండెం మీద ఆరు పసుపు చొక్కాలు

వార్షికోత్సవానికి వచ్చిన పూర్వ విద్యార్థి మిత్రులందరూ భోజనశాల తూర్పు గోడ దగ్గర ఆగి ఒకటే ప్రశ్న వేస్తున్నారు: "ఇదేం బొమ్మరా, బట్టలు ఆరేశారు?" అన్నం గంట కొట్టాక ఒక్కొక్కరికీ నిలబడి చెప్పడం కుదరదు. అందుకే ఇక్కడ రాస్తున్నాం. ఈ బొమ్మ గీసింది పదో తరగతి చదువుతున్న మేం ఏడుగురం.

ఆ చొక్కాలు హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్బువి. పుణె జట్టు మూతపడ్డాక, దాని స్థానంలో 2019లో ఇండియన్ సూపర్ లీగ్‌లోకి వచ్చిన జట్టు ఇది. రంగులు పసుపు, నలుపు. సొంత మైదానం గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియం. ఆరు సీజన్లు ఆడింది, కనుక ఆరు చొక్కాలు. చొక్కా వీపు మీద ఉన్న అంకె ఆటగాడి నంబరు అనుకుని చాలామంది పొరపడుతున్నారు. అది ఆ సీజన్‌లో జట్టు సంపాదించిన పాయింట్లు. ఎడమ నుంచి చదివితే 10, 29, 38, 42, 8, 18. గెలిస్తే మూడు, సమానమైతే ఒకటి, ఓడితే సున్నా. లీగ్ లెక్క అంతే.

మొదటి చొక్కా 2019-20. తొలి ఆటలోనే కోల్‌కతాలో అయిదు గోల్స్ తేడాతో ఓటమి. తర్వాత గచ్చిబౌలిలో కేరళ బ్లాస్టర్స్ మీద 2-1తో మొదటి గెలుపు. మొత్తం 18 ఆటల్లో రెండే గెలిచి, పది జట్లలో పదో స్థానంలో ఆగింది. రెండో చొక్కా నాటికి స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చాడు. ఆ ఏడాది ఓడినవి మూడే, పదకొండు ఆటలు సమానం. అయిదో స్థానం.

రెండు, మూడు చొక్కాల కింద గడ్డికి బదులు ఇసుక ఎందుకుందని అడుగుతున్నారు. కరోనా వల్ల 2020-21, 2021-22 సీజన్లు రెండూ పూర్తిగా గోవాలోనే జరిగాయి. అంటే హైదరాబాద్ కప్పు గెలిచిన సంవత్సరం హైదరాబాద్‌లో ఒక్క లీగ్ ఆటా జరగలేదు. మాకు ఇది చాలా బాధనిపించింది, అందుకే ఇసుక కొంచెం ఎక్కువే పోశాం.

ఆ ఫైనల్ 2022 మార్చి 20న, ఫతోర్దాలో. ఆదివారం, మన హాస్టల్లో కోడికూర రోజు. అప్పటికి మేం ఆరో తరగతి. వాచ్‌మన్ తాత ఫోను చుట్టూ మూగి చూశాం. రెండు జట్లకూ ఇంటి రంగు పసుపే. లీగ్‌లో పైస్థానంలో నిలిచింది కనుక పసుపు హైదరాబాద్‌కు దక్కింది, కేరళ ఆటగాళ్లు నల్ల జెర్సీల్లో దిగారు. కానీ గ్యాలరీలో పసుపు వేసుకుని కూర్చున్నది ఎక్కువగా కేరళ అభిమానులే! కాసేపు ఎవరికి అరవాలో తెలియలేదు. 68వ నిమిషంలో కేరళ గోల్, 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు. పెనాల్టీల్లో గోల్ కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. 3-1తో కప్పు మనది. మూడో చొక్కాకు గీసిన రెండు చేతి తొడుగులు అతనివే. పక్కన ఉన్న 18 చిన్న చుక్కలు ఆ సీజన్‌లో ఒగ్బెచె కొట్టిన గోల్స్.

నాలుగో చొక్కా మీద 42 ఉన్నా కప్పు లేదు. 2022-23లో పాయింట్లు పెరిగాయి, మళ్లీ రెండో స్థానమే వచ్చింది, కానీ సెమీఫైనల్లో మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీల్లో ఓడిపోయారు.

అయిదో చొక్కా దగ్గర మాలో మాకు తగాదా వచ్చింది. 2023-24లో జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా నిషేధం, ఒక్కొక్కరే వెళ్లిపోవడం. మిగిలిన కుర్రాళ్లు 22 ఆటలు ఆడి ఒక్కటి గెలిచారు. "ఎనిమిది అని గోడ మీద రాస్తే పరువు పోతుంది, కప్పు చొక్కా ఒక్కటే పెద్దగా వేద్దాం" అన్నారు ముగ్గురు. మిగతావాళ్లం ఒప్పుకోలేదు. ఆఫీసు గదిలో పదో తరగతి ఫలితాల బోర్డు ఉంది కదా, ఏటా ఫస్టు వచ్చినవాడి పేరు మాత్రమే ఎక్కుతుంది. ఈ గోడ గీసిన ఏడుగురిలో ఆ బోర్డు ఎక్కే ఆశ ఒక్కడికే ఉంది. రెండు రాత్రులు వాదించుకుని చివరికి ఆరు చొక్కాలూ ఒకే కొలతలో గీశాం. ఎనిమిది అంకెను కూడా మిగతావాటంత లావుగానే రాశాం.

దండెం ఎందుకంటే, మనకు తెలిసిన చొక్కాల వరస అదే. ఒకే తాను గుడ్డ, ఒకే రంగు, సగం మందికి భుజాలు జారిపోయే కొలత. ఊళ్లో ఆ చొక్కా కనబడితే చాలు, హాస్టల్ పిల్లలని గుర్తుపడతారు. ఒకసారి ఓ దుకాణంలో మా చొక్కాలు చూసి "ముందు డబ్బులు చూపించండి" అన్నారు. వేలమంది డబ్బు పెట్టి కొనుక్కుని మరీ ఒకే రంగు చొక్కా తొడుక్కుంటారని మాకు మొదట తెలిసింది ఆ ఫోను తెర మీదే.

దండెం కట్టిన ఎడమ గుంజ మీద అయిదు గీతలున్నాయి, గమనించారా? 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కోసం అవి. ఆ జట్టును తీర్చిదిద్దిన ఎస్.ఎ. రహీమ్ సాబే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ను నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకానికి చేర్చిన కోచ్. ఆ గుంజకు నలుపు తెలుపులే వేశాం, మేం చూసిన వాళ్ల ఫోటోలన్నీ అలాంటివే.

ఇక పని సంగతి, రాబోయే తమ్ముళ్లకు ఉపయోగపడుతుందని. ముందు కాగితం మీద అంగుళం గళ్లు గీసి బొమ్మ వేసుకున్నాం. తర్వాత సుద్దపొడి పూసిన నూలుదారం ఇద్దరు పట్టుకుని చరిచి, గోడ మీద అడుగు గళ్లు కొట్టాం. ఒక్కో గడిలో ఉన్నది ఒక్కో గడిలోకి ఎక్కిస్తే పెద్ద బొమ్మ వంకర పోదు. మొదటిసారి పాత సున్నం మీదే పసుపు పూశాం, వారానికి పెచ్చులుగా రాలిపోయింది. వార్డెన్ సారు చివాట్లు పెట్టి, ప్రైమర్ డబ్బాకు డబ్బులూ ఇచ్చారు. సున్నం గీకి, ప్రైమర్ వేసి, ఆరాక పసుపు రెండు పూతలు వేయాలి. ఒక పూతకు అడుగు మరకలు కనబడతాయి. నలుపు ఎప్పుడూ చివరే, ముందు వేస్తే పసుపులో కలిసి పాచిరంగు తిరుగుతుంది. మొదటి చొక్కా చంక దగ్గర అది ఇంకా ఉంది చూడండి.

ఆరో చొక్కా 2024-25. 24 ఆటల్లో నాలుగు గెలుపులు, 13 జట్లలో పన్నెండో స్థానం. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయింది, పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారింది. అప్పటికి మా గోడ మీద గళ్లు కొట్టడం అయిపోయింది. ఏడో చొక్కాకు విడిచిన చోట ఏం వేయాలో తేలక నెల రోజులు అలాగే ఉంచాం. చివరికి దండేనికి రెండు క్లిప్పులు మాత్రం వేసి వదిలేశాం. కింద గడ్డి వేశాం. ప్రైమర్ కూడా పూసే ఉంది.