దిగిన దారి మూసుకుపోతే?

వేడి కొసతో మంచులోకి దిగడం వినడానికి తేలికే. కొస తగిలిన చోట మంచు కరుగుతుంది, బరువుకు యంత్రం తనంతట తానే కిందికి పోతుంది. లెక్కా పెద్దది కాదు. సున్నాకు 30 డిగ్రీల దిగువనున్న మంచులో 10 సెంటీమీటర్ల వెడల్పున మీటరు లోతు దిగాలంటే ఏడు కిలోల పైచిలుకు మంచు కరగాలి. దానికి 0.8 యూనిట్ కరెంటు సరిపోతుంది. పక్కలకు పోయే వేడి అదనం.

అసలు చిక్కు వెనకాల ఉంది. కరిగిన నీరు యంత్రం పైన మళ్లీ గడ్డకడుతుంది. పైనుంచి తీగ వదులుతూ పోతే అది మంచులో బిగుసుకుపోయి, యంత్రం అక్కడే ఆగిపోతుంది. 1960లలో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త కార్ల్ ఫిల్బెర్త్ తీగ చుట్టను యంత్రం లోపలే పెట్టారు. సాలీడు దారం వదిలినట్టు అది తీగను వెనక వదులుకుంటూ దిగుతుంది. వదిలిన తీగ ఇక కదలక్కర్లేదు కాబట్టి గడ్డకట్టినా నష్టం లేదు. కరెంటు కిందికి, కొలతలు పైకి దాంట్లోంచే. యంత్రం మాత్రం తిరిగి రాదు.

అణు వ్యర్థాలను ధ్రువ మంచులో పాతిపెట్టవచ్చని వాదించినవారిలో కార్ల్, ఆయన అన్న బెర్న్‌హార్డ్ ఉన్నారు. 1959 నాటి అంటార్కిటికా ఒప్పందం అక్కడ ఆ పని కూడదంది. మంచిదే అయింది. మంచులోకి దిగే పనిముట్టు మాత్రం మంచు లోపలి ఉష్ణోగ్రత కొలవడానికి పనికొచ్చింది.

1968లో గ్రీన్‌లాండ్‌లోని జార్ల్-జోసె స్థావరం దగ్గర రెండు యంత్రాలు దించారు. ఒకటి 218 మీటర్ల దగ్గరే ఆగింది, రెండోది 1005 మీటర్లకు చేరింది. ఆగీఆగగానే ఉష్ణోగ్రత కొలిస్తే యంత్రం తన వేడినే తాను కొలుచుకున్నట్టు అవుతుంది. చుట్టూ మంచు మళ్లీ చల్లబడేదాకా ఓపిక పట్టాలి. ఆ అంకె ఎందుకంత ముఖ్యమంటే, మంచు ఎంత వెచ్చగా ఉంటే అంత త్వరగా సాగి, సముద్రం వైపు కదులుతుంది.

తిరిగి రాని లోపం తీరడానికి అర్ధ శతాబ్దం పట్టింది. చైనా పరిశోధకులు తయారుచేసిన రెకాస్ యంత్రానికి పైనా కిందా రెండు వేడి కొసలున్నాయి. 2021-22 వేసవిలో అంటార్కిటికాలో అది సుమారు 200 మీటర్లు దిగి, అడుగున నీటి నమూనా తీసుకుని, తన తీగను తానే చుట్టుకుంటూ పైకొచ్చింది. తీగ చుట్ట అందులోనూ యంత్రం లోపలే ఉంది.