ఎద్దుకు ఉన్న మధ్యాహ్నం కూలికి లేదా?

పొద్దు నడినెత్తికి రాకముందే కాడి విప్పాలని మన రైతుకు ఎవరూ నేర్పనక్కరలేదు. తెల్లవారుజామున నాగలి కట్టినవాడు పదీ పదకొండు గంటలకల్లా ఎడ్లను చెట్టు కిందికి తోలి, కుడితి పెట్టి, గడ్డి వేసేవాడు. ఎద్దు ఊరికే పడుకున్నట్టు కనబడుతుంది గాని, ఆ వేళ అది నెమరు వేస్తుంది. రోజులో ఆరు నుంచి ఎనిమిది గంటలు నెమరుకే పోతాయి. నెమరు లేనిదే మేత ఒంటబట్టదు, మేత ఒంటబట్టనిదే మరునాడు కాడి లాగదు.

ఈ సంగతిని ప్రభుత్వమూ కాగితం మీద పెట్టింది. బండి లాగే, బరువు మోసే పశువుల కోసం కేంద్రం 1965లో నియమాలు చేసింది. రోజుకు 9 గంటలకు మించి పని చేయించరాదు. ఏకబిగిన 5 గంటలు దాటరాదు. 37 డిగ్రీలు దాటిన ఎండలో మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు అసలే కట్టరాదు.

ఇక మిరప చేలోకి వెళదాం. గుంటూరు, పల్నాడు ప్రాంతాల్లో కాయ కోతలు ఎండలు ముదిరే దాకా సాగుతాయి. కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి పిల్లాజెల్లాతో వలస వచ్చినవారు ఈ కోతల్లో చాలామంది. అనేక చోట్ల కూలి కిలో లెక్కన. కిలో లెక్క అయినప్పుడు నీడన కూర్చున్న అరగంటకు డబ్బు రాదు. మేస్త్రీ లెమ్మనకపోయినా తూకమే లేపుతుంది. పైగా చాటు లేని చేలో ఆడవాళ్లు దాహమైనా నీళ్లు తక్కువే తాగుతారు. ఈ మాట వారు బయటికి చెప్పరు.

వడదెబ్బ ఎండ ఒక్కదానివల్లే తగులుతుందనుకోవడం పొరపాటు. కష్టపడే ఒళ్లు తనంతట తానే వేడి పుట్టిస్తుంది. చెమట ఆరితేనే ఆ వేడి దిగుతుంది. పని ఆగితే పుట్టే వేడి తగ్గుతుంది. నీడ చేరితే పైనుంచి పడే వేడి తగ్గుతుంది. రెండూ కావాలి. 2015 మే నెల ఎండలకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు.

ఫ్యాక్టరీ కార్మికునికి 5 గంటల పనికి అరగంట విరామం, వారానికో సెలవు ఉండాలని 1948 చట్టం రాసింది. అది పొలం గట్టు దాకా రాలేదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం పనిచోట నీడ, తాగునీరు, మందుల పెట్టె ఉండాలన్నది గాని, సొంత చేల కోతలకు అది వర్తించేది కాదు.

మూడు గంటలు ఆపితే కోత వెనకబడుతుందని, ఈలోగా వాన పడితే కల్లంలో కాయ తడుస్తుందని రైతు భయం. తీసిపారేయదగిన భయం కాదది. అయితే సొమ్మసిల్లే వేళ కోసిన సంచిలో పచ్చికాయ, తాలుకాయ ఎంత కలిసిందో ఏరించేటప్పుడు రైతే చూసుకోవచ్చు. చీకటితో మొదలుపెట్టి పదకొండుకు ఆపి, నాలుగు దాటాక మళ్లీ దిగితే పని గంటలు పెద్దగా తగ్గవు. చెట్టు లేని చేలో నాలుగు గుంజలు పాతి తాటాకు కప్పవచ్చు. కుండలో నీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ దగ్గరుంచాలి.

మాట తడబడినా, మనిషి తూలినా ఆలస్యం తగదు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటిమీద నీళ్లు పోసి విసురుతూ 108కి ఫోన్ చేయాలి. తెలివి తప్పినవారి నోట్లో నీళ్లు పోయరాదు.