గుప్పెడు ఆవాల కోసం

చనిపోయిన బిడ్డను చంకనేసుకుని శ్రావస్తి వీధుల్లో మందు కోసం తిరిగిన కిసా గోతమి కథ మనలో చాలామంది చిన్నప్పుడే విన్నాం. అప్పుడప్పుడే నడక నేర్చిన కొడుకు. పోయాడంటే ఆ తల్లి నమ్మలేదు. వీధిలోవాళ్లు పిచ్చిదన్నారు. ఒకాయన మాత్రం జాలిపడి బుద్ధుడి దగ్గరికి వెళ్లమన్నాడు. బుద్ధుడు ఆమెను కూర్చోబెట్టి ధర్మం బోధించలేదు. చావు ఎరగని ఇంటి నుంచి కాసిని ఆవాలు తెమ్మని పంపాడు.

కథ చెప్పేవాళ్లు ఇక్కడి నుంచి గబగబా ముగింపుకు వెళ్లిపోతారు. నాకు మాత్రం ఆ మధ్యలో ఆమె తట్టిన తలుపులే ముఖ్యం. ఆవాలు లేని వంటిల్లు ఉండదు కదా. అడగ్గానే లోపలికెళ్లి గుప్పిట పట్టుకొచ్చి ఉంటారు. ‘మీ ఇంట్లో ఎవరూ పోలేదు కదా?’ అన్న మాటకు ఆ చేతులు ఆగిపోయి ఉంటాయి. ఒకరికి తండ్రి, ఒకరికి కూతురు, ఒకరికి కట్టుకున్నవాడు. ఆ చెప్పినవాళ్లెవరూ జ్ఞానులు కారు, ఎవరింటి సంగతి వాళ్లు చెప్పారు. ఇల్లిల్లూ తిరిగాక ఆమె బిడ్డను శ్మశానంలో దించగలిగింది. మందు ఏమిటో చెప్పింది బుద్ధుడే, తాగించింది మాత్రం ఆ ఇళ్లవాళ్లు. తర్వాత ఆమె భిక్షుణి అయింది. థేరీగాథల్లో ఆమె పేరు మీదున్న గాథలు మంచి స్నేహాన్ని మెచ్చుకుంటూ మొదలవుతాయి. అన్ని గడపలు ఎక్కి దిగిన మనిషి ముందుగా స్నేహాన్నే తలచుకోవడం ఎంత సహజం!

తమకు తెలియకుండానే పాఠం చెప్పే మామూలు మనుషులు భాగవతంలోనూ ఉన్నారు. ఏకాదశ స్కంధంలో యదు మహారాజుకు ఎదురైన అవధూత తనకు 24 మంది గురువులని చెబుతాడు. నేల, గాలి, సముద్రం, పావురం, తేనెటీగ అందులో ఉన్నాయి. మనుషులు కొద్దిమందే. విటుడి కోసం అర్ధరాత్రి దాకా వాకిట్లో కాచుకుని, ఆ ఆశ వదిలేశాక హాయిగా నిద్రపోయిన పింగళ వాళ్లలో ఒకరు. వీధిలో రాజు వెళ్తున్నా తలెత్తని బాణాల పనివాడు ఒకడు. వడ్లు దంచుతూ, గాజుల చప్పుడు చుట్టాలకు వినబడకూడదని ఒక్కొక్కటే ఉంచుకున్న కన్నెపిల్ల ఒకరు. తాము ఎవరికో పాఠమవుతున్నామని వీళ్లకు తెలియదు. చూసినవాడు ఆగి చూశాడు కాబట్టే గురువులయ్యారు.

ఇవన్నీ పురాణకాలపు మాటలనిపిస్తే హరారే వైపు చూడాలి. అది జింబాబ్వే రాజధాని. కోటికి పైగా జనాభా ఉన్న ఆ దేశంలో మానసిక వైద్యులు పదిమందికి కాస్త అటూఇటూగా ఉండేవారు. వాళ్లలో ఒకరైన డిక్సన్ చిబాండా దగ్గర వైద్యం పొందుతున్న ఒక యువతి 2005లో ప్రాణం తీసుకుంది. ఆసుపత్రికి రావడానికి ఆ కుటుంబం దగ్గర బస్సు ఛార్జీలు లేవు. ఆయన ఆ బాధను పక్కన పెట్టలేకపోయారు. 2006లో ఎంబారే అనే పేదల పేటలో 14 మంది అవ్వలను కూడగట్టారు. క్లినిక్ ఆవరణలో ఒక చెక్క బెంచీ వేశారు.

అవ్వ అడుగుతుంది, వచ్చినవాళ్లు చెబుతారు. మొగుడి తాగుడు, ఇంటద్దె, హెచ్ఐవీ భయం, ఏదైనా సరే. అన్నీ ఒకేసారి కాకుండా ముందు ఏ ఒక్క కష్టం సంగతి చూడాలో వచ్చినవాళ్లే ఎంచుకుంటారు, దారి కూడా వాళ్లే వెతుక్కుంటారు. అవ్వ ఆ వెతుకులాటలో తోడుంటుంది. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన కనిపిస్తే తన దగ్గర ఉంచుకోకుండా పైవాళ్లకు అప్పగిస్తుంది. (మన దగ్గర అలాంటి స్థితిలో ఉన్నవాళ్లకు టెలీ మానస్ ఉచిత నంబరు 14416 ఉంది. తెలుగులోనే మాట్లాడవచ్చు.) 573 మందితో చేసిన పరిశోధన ఫలితాలు 2016లో ‘జామా’ వైద్య పత్రికలో వచ్చాయి. ఆరు నెలల తర్వాత, మామూలు సేవలు అందినవాళ్లలో దాదాపు సగం మందికి కుంగుబాటు లక్షణాలు ఉండగా, బెంచీ మీద కూర్చున్నవాళ్లలో 14 శాతం మందికే ఉన్నాయి. బెంచీ దగ్గర మాటలు ముగిసినవాళ్లు తర్వాత ఒక బృందంగా చేరి, పాత ప్లాస్టిక్‌తో సంచులు అల్లుతూ ఒకరి గోడు ఒకరు వింటారు.

మనకు పరామర్శ అనే గొప్ప ఆచారం ఉంది. దాన్ని మనం తొందరగా ముగించేస్తున్నామని నా బాధ. ‘ఓం శాంతి’ అని వాట్సాప్‌లో పెట్టి ఊరుకునేవాళ్లు కొందరు. వెళ్లినవాళ్లం కూడా పెద్దకర్మ భోజనాలతో సెలవు తీసుకుంటాం. షామియానా విప్పేసి, కుర్చీలు లెక్కపెట్టి పంపేశాక ఆ ఇంట్లో అసలు దుఃఖం మొదలవుతుంది. మూడో నెలలో వెళ్లాలి. పెన్షన్ కాగితాలు తెమలకుండా, సగం బీరువా సర్దకుండా ఉన్నప్పుడు వెళ్లాలి. పోయినాయన పేరు ఎత్తితే పిన్నిగారు ఏడుస్తారేమోనని అందరూ ఆ పేరు ఎత్తడం మానేసి ఉంటారు. మనం ఎత్తాలి. ‘బాబాయిగారు ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఎక్కడుండేవారు పిన్నిగారూ?’ అని అడిగి, ఆవిడ చెప్పినంతసేపూ కూర్చోవాలి.