కొత్త కిడ్నీకి కొత్త పథ్యం

మన నడుము వెనక, వెన్నెముకకు అటొకటి ఇటొకటి, రెండు కిడ్నీలు ఉంటాయి. వీటినే మూత్రపిండాలు అంటారు. ఒక్కొక్కటి పిడికిలంత ఉంటుంది. ఇవి రక్తాన్ని వడకట్టి చెడును మూత్రంలో పంపేస్తాయి. పొటాషియం, భాస్వరం, మెగ్నీషియం వంటి లవణాలు ఒంట్లో ఎంత ఉండాలో అంతే ఉండేలా చూస్తాయి.

రెండూ పాడైతే డయాలసిస్ చేయించుకోవాలి. లేదా ఇంకొకరి కిడ్నీ పెట్టించుకోవాలి. మన దేశంలో బతికుండగా కిడ్నీ ఇచ్చేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. తల్లి కొడుక్కి ఇస్తుంది. భార్య భర్తకు ఇస్తుంది. అలా వచ్చిన కిడ్నీని పొత్తికడుపులో ఒక పక్కన అమరుస్తారు.

ఆపరేషను అయ్యి ఇంటికొచ్చాక వంటింట్లో చిక్కు మొదలవుతుంది. "పాపం, ఇన్నాళ్లూ నోరు కట్టుకున్నాడు. ఇకనన్నా తిననివ్వు వదినా" అంటారు ఒకరు. "కిడ్నీ మనిషికి పాలు పొయ్యకూడదమ్మా" అంటారు ఇంకొకరు. రెండు మాటలూ సరికాదు. డయాలసిస్ నాటి పథ్యం వేరు. ఇప్పటి పథ్యం వేరు.

అప్పుడు నీళ్లు కొలిచి తాగాలి. ఇప్పుడు కొత్త కిడ్నీ బాగా పనిచేస్తుంటే నీళ్లు బాగా తాగాలి. చాలామందికి రోజుకు 2 నుంచి 3 లీటర్లు తాగమని చెబుతారు.

కిడ్నీలు పాడైనప్పుడు భాస్వరం ఒంట్లో పేరుకుపోతుంది. అందుకే పాలు, పెరుగు తగ్గించమంటారు. ఆపరేషను తర్వాత మొదటి నెలల్లో చాలామందికి ఇది తిరగబడుతుంది. కొత్త కిడ్నీ భాస్వరాన్ని మూత్రంలో ఎక్కువగా పారబోస్తుంది. మనిషి నీరసపడతాడు. ఎముకలకూ మంచిది కాదు. అప్పుడు డాక్టరే పాలు తాగమంటారు, గుడ్డు తినమంటారు. పాత భయంతో పాలు మానిపిస్తే నష్టమే.

ఇక మందుల సంగతి. కొత్త కిడ్నీని ఒళ్లు పరాయిదిగా చూస్తుంది. దాన్ని పాడుచెయ్యబోతుంది. అలా కాకుండా రోజూ వేళకు మాత్రలు వేసుకోవాలి. కిడ్నీ పనిచేసినంత కాలం వేసుకోవాలి. వీటిలో ఎక్కువమందికి ఇచ్చేది టాక్రోలిమస్. ఇది కిడ్నీని కాపాడుతుంది కానీ లవణాలను తారుమారు చేస్తుంది. మెగ్నీషియాన్ని తగ్గిస్తుంది. పొటాషియాన్ని పెంచుతుంది.

మెగ్నీషియం తగ్గితే పిక్కలు పట్టేస్తాయి. చేతులు వణుకుతాయి. ఆకుకూరల్లో, పప్పుల్లో, వేరుశెనగల్లో మెగ్నీషియం ఉంది. కానీ వాటిల్లో పొటాషియం కూడా ఉంది! ఒకటి పెంచబోతే రెండోదీ పెరుగుతుంది. అందుకే చాలామందికి మెగ్నీషియం మాత్ర రాస్తారు. దాన్ని తక్కిన మందులతో కలిపి మింగకూడదు. ఎంత ఎడం ఉండాలో అడిగి తెలుసుకోవాలి.

పొటాషియం పెరిగితే చాలాసార్లు పైకి ఏమీ తెలియదు. గుండె లయ తప్పుతుంది. ప్రాణం మీదికి వస్తుంది. కొబ్బరినీళ్లలో, అరటిపండులో ఇది ఎక్కువ. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరితోటలు ఎక్కువ, కిడ్నీ జబ్బూ ఎక్కువే. పెరట్లో బొండాలున్నా తాగలేని వాళ్లు అక్కడ ఎందరో. పొటాషియం ఎక్కువ ఉన్నవాళ్లకు కూరలు ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు వార్చెయ్యాలి. సోడియం తక్కువ అని అమ్మే ఉప్పు కొనొద్దు. అందులో పొటాషియం కలుపుతారు. మామూలు ఉప్పు కూడా అన్నిట్లో కలిపి రోజుకు ఒక చెంచాకు మించకూడదు. ఆవకాయ ఉప్పు కూడా ఆ చెంచాలోదే.

పంపరపనస తినకూడదు. రక్తంలో మందు మోతాదు ఎక్కువైపోతుంది. నాటుమందులు, పసరు మందులు డాక్టరుకు చెప్పకుండా వాడొద్దు.

ఎవరికి ఏది తగ్గిందో, ఏది పెరిగిందో రక్త పరీక్షే చెబుతుంది. రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది. అయినా అంకెలు మనకు తెలిసినవే. పొటాషియం 3.5 నుంచి 5 వరకు ఉండాలి. భాస్వరం 2.5 నుంచి 4.5 వరకు ఉండాలి. ఏ అంకె దేనిదో నర్సమ్మను అడగండి. తేదీ వేసి నోటుబుక్కులో రాసుకోండి. పోయిన నెల అంకె పక్కన ఈ నెల అంకె పెట్టి చూడండి.

పరీక్ష రోజు పొద్దుటి టాక్రోలిమస్ మాత్రను సంచిలో తీసుకెళ్లాలి. రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. ముందే మింగితే మందు లెక్క తప్పు వస్తుంది. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మాత్రం పరీక్ష రోజు దాకా ఆగకూడదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.