‘కృష్ణపట్నం’లో ఎన్ని అక్షరాలు?

‘కృష్ణపట్నం’ అనే రేవు పేరులో ఎన్ని అక్షరాలని నెల్లూరు బళ్లో ఏ పిల్లాణ్ణి అడిగినా కృ, ష్ణ, ప, ట్నం అని నాలుగు వేళ్లు చూపిస్తాడు. ఫోను లెక్క వేరు. దానికి కనిపించేవి 10 యూనికోడ్ సంకేతాలు: క, వట్రుసుడి, ష, పొల్లు, ణ, ప, ట, పొల్లు, న, సున్నా. ఆ రేవు పేరు మీద వేలు నొక్కిపట్టి, రెండు కొసల్లో వచ్చే పిడుల్ని జరిపితే అవి ఎక్కడ ఆగాలన్న తగవంతా ఈ నాలుక్కీ పదికీ మధ్యే.

ఎంచి, కత్తిరించి, అతికించే పద్ధతిని 1970లలో జెరాక్స్ పార్క్ ప్రయోగశాలలో లారీ టెస్లర్, టిమ్ మాట్ రూపొందించారు. వాళ్ల చేతిలో మౌస్ ఉంది, దాని మొన సన్నం. వేలు లావు, పైగా ఎంచుకోవాల్సిన అక్షరాన్నే కప్పేస్తుంది. ఐఫోన్ 2007లో వచ్చినా కాపీ, పేస్ట్ దానికి దక్కింది 2009లో. యాప్‌లు తయారుచేసే ఫ్లట్టర్ లాంటి టూల్‌కిట్లకు ఇంకో తిప్పలు: అక్షరాలను అవే గీసుకుంటాయి కాబట్టి పిడులూ, వేలి కింది అక్షరాన్ని చూపే భూతద్దమూ అవే తయారుచేసుకోవాలి. విడివిడి పేరాలను కలిపి ఒకేసారి ఎంచుకునే సౌకర్యం ఫ్లట్టర్‌కు 2022లో, 3.3 వెర్షన్‌తో గానీ రాలేదు.

తెలుగుకొచ్చిన చిక్కు ఒత్తులతో. వేలు తాకినచోటు ఎడమ నుంచి ఎంత దూరమో కొలిచి, దగ్గర్లోని సందులో గీత నిలబెట్టడం టూల్‌కిట్ పని. ఇంగ్లిషు అక్షరాలు పక్కపక్కనే ఉంటాయి, సందు దొరుకుతుంది. ‘ష్ణ’లో ణ-ఒత్తు ష కిందే కూర్చుంటుంది, సందేదీ? పాత యూనికోడ్ నియమం మాత్రం పొల్లు దగ్గర తెంపి, మన రేవు పేరును ఆరు ముక్కలు చేసేది: కృ, ష్, ణ, ప, ట్, నం. ఆ లెక్కను నమ్మిన యాప్‌లో పిడి అక్షరం నడుమే ఆగి, సగం ‘ష్ణ’కే రంగు పడొచ్చు. కాపీ చేస్తే ‘కృష్’ వస్తుంది. హృతిక్ రోషన్ సినిమా కాబోలు అనుకోవాలి!

2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1 దీన్ని సరిదిద్దింది. హల్లు, పొల్లు, హల్లు వరసగా వస్తే విడదీయొద్దని తెలుగు, దేవనాగరి సహా ఆరు లిపులకు నియమం పెట్టింది. 1991లోనే యూనికోడ్‌లో చేరిన లిపికి ఇది మరీ ఆలస్యం. యాప్ వాడే లైబ్రరీ పాతదైతే ఇప్పటికీ ఆరు ముక్కలే.

చెరపడం వేరే సంగతి. ‘శ్రీ’ టైప్ చేస్తూ గుడిదీర్ఘం బదులు గుడి పడితే ఆ గుడి ఒక్కటే పోవాలి, అక్షరమంతా కాదు. ఎంచడానికీ చెరపడానికీ ఒకే కొలత పెట్టుకున్న టూల్‌కిట్ ఏదో ఒకచోట విసిగిస్తుంది.

ఇంకా తేలనిది విభక్తి. ‘కృష్ణపట్నానికి’ మీద నొక్కితే మాటంతా వస్తుంది. మ్యాపులో వెతకడానికి మనకు కావలసింది ఊరి పేరు. పిడిని ‘కి’ మీంచి వెనక్కి జరిపినా మిగిలేది ‘కృష్ణపట్నాని’.