బొగ్గుగనుల ప్రాంతంలో కండోమ్ వాడకం: హెచ్‌ఐవి నివారణపై సామాజికప్రభావాలు

1. ప్రవేశిక

భారతదేశంలో హెచ్‌ఐవి మొదట 1986లో చెన్నైలోని లైంగికశ్రామికులలో బయటపడింది. నాటినుంచి నివారణకార్యక్రమాలు కండోమ్ గురించి విస్తృతంగా ప్రచారం చేస్తూ వచ్చాయి. అయినా, తెలిసినవారందరూ అన్నివేళలా దాన్ని వాడలేకపోతున్నారు. డబ్బు, భయం, నమ్మకం, గౌరవం అనే సామాజికాంశాలు వాడకాన్ని నిర్ణయించడమే ఇందుకు కారణం. గోదావరిఖని, రామగుండం బొగ్గుగనుల ప్రాంతం నేపథ్యంగా ఈ అంశాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. గని - జీతం - కుటుంబం

రాష్ట్రప్రభుత్వానికి 51 శాతం, కేంద్రప్రభుత్వానికి 49 శాతం వాటా ఉన్న సింగరేణి సంస్థ ఈ ప్రాంతజీవనానికి ఆధారం. పర్మినెంటు కార్మికునికి జాతీయ బొగ్గు వేతన ఒప్పందం ప్రకారం జీతం, కంపెనీ వైద్యం ఉంటాయి. ఆ పక్కనే తక్కువ కూలికి పనిచేసే కాంట్రాక్టు కార్మికులు, లారీ డ్రైవర్లు ఉంటారు. నిలకడైన జీతమున్న విటునికి బేరమాడే బలం ఎక్కువ. కండోమ్ లేకుండా ఎక్కువ ఇస్తానని అతడంటే, కాదనగల శక్తి ఆమెకున్న అప్పులనుబట్టి ఉంటుంది.

దక్షిణాఫ్రికా బంగారుగనుల ప్రాంతంపై క్యాథరిన్ క్యాంప్‌బెల్ 2003లో వెలువరించిన గ్రంథం మరో కోణాన్ని చూపింది. అనుదినం భూగర్భంలో ప్రాణాపాయాన్ని ఎదుర్కొనేవానికి, ఏళ్లతర్వాత వచ్చే జబ్బు దూరపు ముప్పుగా కనిపిస్తుంది. తెగువే మగతనమన్న భావన దీనికి తోడవుతుంది. అయితే అక్కడి కార్మికులు కుటుంబాలకు దూరంగా హాస్టళ్లలో బతికారు. సింగరేణి క్వార్టర్లలో కుటుంబాలుంటాయి. కాబట్టి ఇక్కడ గోప్యత ప్రధానమవుతుంది. జేబులో కండోమ్ దొరికితే ఇంట్లో అనుమానం. బయట వాడకపోతే, ఏమీ తెలియని భార్యకు ప్రమాదం.

నమ్మకం కూడా అడ్డంకే. కొత్తవానితో కండోమ్ పట్టుబట్టే స్త్రీ, తరచూ వచ్చేవానితో, సహజీవనం చేసేవానితో పట్టుబట్టదు. అడగడమంటే అనుమానించడమేనన్న భావన ఇద్దరినీ మౌనంగా ఉంచుతుంది.

3. రాజమండ్రి అనుభవం

ఈ బలహీనతను సంఘటితశక్తి కొంత తగ్గించగలదని అదే గోదావరి దిగువనున్న రాజమండ్రి ప్రాంతం నిరూపించింది. గేట్స్ ఫౌండేషన్ 2003లో ప్రారంభించిన 'అవాహన్' కార్యక్రమంలో భాగంగా అక్కడ లైంగికశ్రామికులు సంఘటితమయ్యారు. కిమ్ బ్లాంకెన్‌షిప్ బృందం 2008లో ప్రచురించిన అధ్యయనం, కార్యక్రమంతో సంబంధాన్నీ, తమ పనిపై స్త్రీలకున్న అదుపునూ కండోమ్‌ను నిలకడగా వాడడంతో ముడిపెట్టి పరిశీలించింది. అప్పులున్నవారు హింసకు, రక్షణలేని కలయికకు ఎక్కువగా గురవుతున్నారని 2010 నాటి మరో అధ్యయనం చెప్పింది. పోలీసుల ప్రవర్తనను సంఘం ఎంతవరకు నియంత్రించగలదో మోనికా బిరదవోలు తదితరులు 2009లో చర్చించారు.

4. చట్టం - భాష

పోలీసుల పాత్ర కీలకం. సంచిలోని కండోమ్‌ను నేరానికి సాక్ష్యంగా చూపితే, దాన్ని వెంట ఉంచుకోవడానికే స్త్రీ భయపడుతుంది. ఆరోగ్యరక్షణకు వాడే కండోమ్‌లను నేరంగా గానీ, నేరానికి సాక్ష్యంగా గానీ చూడరాదని 2022 మే 19న జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు నేతృత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం ఆదేశాలలో ఉంది. ఈ మాట ఠాణాలకూ, ఆమెకూ చేరినప్పుడే దానికి సార్థకత.

భాష సైతం ప్రభావశీలమే. 'వ్యభిచారిణి' అన్న పదం తీర్పు చెబుతుంది. 'లైంగికశ్రామిక' అన్న పదం ఆమె చేసేది పనిగా గుర్తిస్తుంది. కార్మికపోరాటాలకు పేరొందిన బొగ్గుగనుల ప్రాంతంలో 'శ్రామిక' అన్న మాటకు గౌరవముంది. ఆ గౌరవం తనకు దక్కని స్త్రీ ఆసుపత్రి గడప తొక్కడానికి, పరీక్ష చేయించుకోవడానికి వెనుకాడుతుంది.

5. ముగింపు

కండోమ్‌లను పంచినంతమాత్రాన నివారణ పూర్తికాదు. అప్పునుంచి ఊరట, పోలీసుభయం లేని పరిస్థితి, గోప్యత పాటించే వైద్యం, సంఘబలం ఉన్నప్పుడే 'వద్దు' అనే స్త్రీమాటకు విలువ వస్తుంది. బాధ్యత విటునిది కూడా. కనుక గనికార్మికులకు భద్రతపాఠాలు చెప్పేచోట ఈ విషయం కూడా బిడియం లేకుండా చెప్పడం అవసరం.